వందేళ్ళు దాటిన బ్యాండు మేళం సీడీ: జిమ్ యూరప్, 24 పాటలు, నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది సౌండ్ క్వాలిటీ కోసం కొనే సీడీ కాదు. బేస్ అదిరిపోవాలి, కొత్త స్పీకర్లు టెస్ట్ చేసుకోవాలి అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. ఇది 1919లో న్యూయార్క్‌లో ఒక మిలిటరీ బ్యాండు రికార్డ్ చేసిన 24 పాటలు, ఒకటే డిస్కు, లోపల చిన్న పుస్తకం. అట్ట మీద లెఫ్టినెంట్ జిమ్ యూరప్, 369వ పదాతిదళం ‘హెల్ ఫైటర్స్’ బ్యాండు అని ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా, షిప్పింగుతో కలిపి రెండువేల చిల్లర అయింది, తీరా కవరు విప్పితే ప్లాస్టిక్ డబ్బా రెండు చోట్ల పగిలి ఉంది, అమ్మినాయన మాత్రం కొత్తదానిలా ఉంది అని పెట్టాడు, సరే డిస్కు మీద గీతలు లేవు కదా అని గొడవ పెట్టుకోలేదు. ఇంకో కామెడీ ఏంటంటే మా ఇంట్లో సీడీ ప్లేయరే లేదు, డబ్బులు కట్టాక గుర్తొచ్చింది! పక్కింటివాళ్ళ పాత డీవీడీ ప్లేయర్ అడిగి తెచ్చుకుని విన్నా.

పేరు చెప్పగానే అందరూ ఒకటే అడుగుతున్నారు, యూరప్ బ్యాండా అని. కాదు బాబూ, ఇంటిపేరు యూరప్, మనిషి అమెరికా. జేమ్స్ రీస్ యూరప్, అందరూ జిమ్ అనేవాళ్ళు, అలబామాలో మొబైల్ అనే ఊళ్ళో 1880 ప్రాంతంలో పుట్టిన నల్లజాతి మనిషి (ఊరి పేరు నిజంగానే మొబైల్, నేనేం చేయను). జాజ్ అనే మాట ఇంకా జనం నోట్లో నానకముందే న్యూయార్క్ పెద్దింటి వాళ్ళని డ్యాన్స్ చేయించిన మనిషి, సొంతంగా ట్యూన్లు కట్టేవాడు, బ్యాండు నడిపేవాడు, మళ్ళీ బ్యాండువాళ్ళకి పని ఇప్పించే ఆఫీసు కూడా ఆయనే పెట్టాడు. నేను కొన్నది అసలు ఈ చివరి దాని కోసం.

ఎందుకంటే మా పెదనాన్న తెనాలి దగ్గర ఒక బ్యాండు సెట్టులో ముప్పై ఏళ్ళు సైడ్ డ్రమ్ము కొట్టాడు. పెళ్ళిళ్ళు, ఊరేగింపులు, శ్రీరామనవమి, ఎలక్షన్లు, చావులు కూడా. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, మే నెల ఎండ. అందరూ తిన్నాక షామియానా వెనక పెట్టే భోజనం. బేరం కుదిరిన డబ్బులు పెళ్ళయ్యాక సగానికి కోసేవాళ్ళట, ఈ రెండూ ఆయన ఇప్పటికీ చెప్పే కథలు. కాబట్టి న్యూయార్క్‌లో ఒకాయన వందేళ్ళ కిందటే బ్యాండువాళ్ళ తరఫున రేటు మాట్లాడాడు అని ఎక్కడో చదివినప్పుడు ఆ మనిషి పాట ఒక్కటైనా పెదనాన్నకి వినిపించాలి అనిపించింది, అంతే.

జిమ్ పదేళ్ళప్పుడు వాళ్ళ ఫ్యామిలీ వాషింగ్టన్ వచ్చేసింది. మార్చ్ పాటల (అంటే సైనికుల కవాతు పాటల) మహారాజు జాన్ ఫిలిప్ సౌసా ఇల్లు వాళ్ళకి దగ్గర్లోనే, సౌసా నడిపిన అమెరికా మెరైన్ సైనికుల బ్యాండులో పనిచేసే ఒకాయన దగ్గరే జిమ్ వయొలిన్ నేర్చుకున్నాడు. అంటే మిలిటరీ బ్యాండు చప్పుడు చిన్నప్పుడే చెవిలో పడిందన్నమాట. 1900 దాటాక కొన్నేళ్ళకి న్యూయార్క్ వచ్చి నల్లజాతివాళ్ళు వేసే మ్యూజికల్ నాటకాలకి ఆర్కెస్ట్రా నడిపాడు. అప్పట్లో అక్కడ నల్లవాళ్ళ పరిస్థితి ఎలా ఉండేదంటే హోటల్లో వెయిటరుగా, గిన్నెలు తోమడానికి పెట్టుకుని, మధ్యలో ఆ చేత్తోనే మాండొలిన్ వాయించమనేవాళ్ళు, వాయించినందుకు జీతం లేదు, టిప్పులే. 1910లో జిమ్ క్లెఫ్ క్లబ్ అని పెట్టాడు. పేరుకి క్లబ్బు, పనికి యూనియన్ ప్లస్ బుకింగ్ ఆఫీసు. పార్టీకి బ్యాండు కావాలా, ఫోన్ ఇక్కడికి చెయ్, ఇంతమంది వస్తారు, మంచి బట్టల్లో వస్తారు, టైముకి వస్తారు, కానీ ఫిక్సుడ్ జీతం ఇవ్వాలి, దారి ఖర్చులు నువ్వే పెట్టుకోవాలి, దూరమైతే పడుకోడానికి చోటు, భోజనం కూడా నీదే. వాయించడానికి వచ్చినవాడు వాయిస్తాడు, ప్లేట్లు తియ్యడు.

ఈ ముక్క పెదనాన్నకి చెప్తే మళ్ళీ చెప్పమన్నాడు. రెండుసార్లు చెప్పించుకుని ‘భోజనం ముందే పెట్టేవాళ్ళా?’ అని అడిగాడు.

ఇంకో సంగతి నాకు నవ్వూ వచ్చింది, కడుపులో తిప్పినట్టూ అయింది. ఆ క్లబ్బు మనుషులకి నొటేషన్, అంటే కాగితం మీద రాసిన స్వరాలు, చదవడం బ్రహ్మాండంగా వచ్చు, కానీ తెల్లవాళ్ళ పార్టీల్లో కాగితాలు ముందు పెట్టుకునేవాళ్ళు కాదట, కొత్త హిట్ పాటలన్నీ ముందే ఇంట్లో బట్టీ కొట్టి వెళ్ళి, అక్కడ మాకేం చదువురాదండీ, వింటే వచ్చేస్తుంది అన్నట్టు నటించేవాళ్ళట. నల్లవాడికి సంగీతం పుట్టుకతో వస్తుంది అని నమ్మడం ఆ వచ్చినవాళ్ళకి ఇష్టం కాబట్టి. ఇది చెప్పింది ఆ గ్యాంగులోనే ఉన్న పియానిస్టు యూబీ బ్లేక్. అలాంటి ఊళ్ళో 1912 మే 2న కార్నెగీ హాల్లో వందమందికి పైగా నల్లజాతి కళాకారుల్ని కూర్చోబెట్టి కచేరీ చేయించాడు జిమ్, అది కూడా నల్లజాతి పిల్లల మ్యూజిక్ స్కూలుకి చందాల కోసం. మామూలు సింఫనీలా వయొలిన్ల గుంపు కాదు, ముందు వరసల్లో మాండొలిన్లు, బాంజోలు. మా ఆర్కెస్ట్రా ఇలాగే ఉంటుంది, మీలా ఉండక్కర్లేదు అన్న టైపు.

ఆ తర్వాతే అసలు డ్యాన్స్ కథ. వెర్నన్ కాసిల్, ఐరీన్ కాసిల్ అని మొగుడూపెళ్ళాలు, అప్పటి న్యూయార్క్‌లో డ్యాన్స్ అంటే వీళ్ళే, ఐరీన్ జుట్టు కత్తిరించుకుంటే ఊళ్ళో ఆడవాళ్ళంతా కత్తిరించుకున్నారు, ఆ రేంజి. వాళ్ళకి జిమ్ బ్యాండు తప్ప ఇంకోటి నచ్చేది కాదు. థియేటర్లలో నల్లవాళ్ళు స్టేజీ ముందు వాయిద్యాలవాళ్ళ గుంటలో కూర్చోకూడదు అని తెల్లవాళ్ళ యూనియన్ అడ్డం పడితే, సరే అని స్టేజీ మీదే కూర్చోబెట్టుకున్నారట! ఫాక్స్‌ట్రాట్ అని ప్రపంచమంతా వేసిన డ్యాన్స్ ఉంది కదా, అది కూడా ఇక్కడి నుంచే. బ్రేకుల్లో జిమ్ నెమ్మదిగా ఒక బ్లూస్ (నల్లజాతివాళ్ళ దిగులు పాటల తీరు) ట్యూను వాయిస్తుంటే, ఈ స్పీడుకి ఒక డ్యాన్స్ ఉంటే బాగుంటుంది అన్న మాట మీద పుట్టిందని చెప్తారు, ఆ క్రెడిట్ కాసిల్ కూడా జిమ్‌కే ఇచ్చాడు. అంతకు ముందువన్నీ ఆయాసం వచ్చే స్పీడు. 1913 చివర్లో విక్టర్ కంపెనీ ఆయనతో కాంట్రాక్ట్ రాసుకుంది, ఒక పెద్ద రికార్డు కంపెనీ నల్లజాతి ఆర్కెస్ట్రాతో అలా రాసుకోవడం అదే మొదలు.

ఇప్పుడు నా కంప్లైంట్. ఆ విక్టర్ రికార్డులు ఈ సీడీలో లేవు. ఒక్కటీ లేదు. అట్ట మీద మొత్తం రికార్డింగులు అని ఉంటే నేను ఆయన జన్మలో చేసినవన్నీ అనుకున్నా, తీరా చూస్తే మిలిటరీ బ్యాండుతో చేసినవి మొత్తం అని అర్థం. తప్పు నాదే, సగం చదివి డబ్బులు కట్టేస్తే ఇంతే. మీరు మాత్రం అవి వదలొద్దు, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ నేషనల్ జ్యూక్‌బాక్స్‌లో విక్టర్ పాతవి ఫ్రీగా వినొచ్చు. ‘డౌన్ హోమ్ రాగ్’ (రాగ్ అంటే మన రాగం కాదు, రాగ్‌టైం అని అప్పటి అమెరికా హుషారు సంగీతం) 1913 డిసెంబర్‌ది, అది ముందు వినండి, బాంజోలు పిచ్చెక్కినట్టు పరిగెడతాయి, మధ్యలో వాయించేవాళ్ళే ఊపొచ్చి అరుస్తుంటారు. స్టూడియోలో అరిచారు చూడండి! తర్వాత జిమ్ సొంతంగా కట్టిన ‘కాసిల్ హౌస్ రాగ్’, 1914 ఫిబ్రవరి, అది చివరికొచ్చేసరికి డ్రమ్స్ ట్యూనుని దాటి ఎక్కడికో వెళ్ళిపోతాయి. నిజం చెప్పాలంటే సీడీలో ఉన్న చాలా పాటల కంటే ఈ రెండే నాకు ఎక్కువ నచ్చాయి, రెండువేలు పెట్టి ఈ మాట అనాల్సి రావడం బాధగానే ఉంది.

సౌండ్ సంగతి. 1925 దాకా రికార్డింగులో మైకు లేదు, పెద్ద గరాటా లాంటి హారన్ ముందు అందరూ ఇరుక్కుని నిలబడి వాయిస్తే ఆ గాలి దెబ్బకే సూది కదిలి గీత పడేది. పైగా 1919లో వీళ్ళని రికార్డ్ చేసింది పాథే కంపెనీ, వాళ్ళ పద్ధతి ఇంకో రకం, ముందు పెద్ద సిలిండర్ మీద పట్టి, దాన్నుంచి డిస్కులోకి దింపేవాళ్ళు. అంటే మన చేతికొచ్చేది జిరాక్స్‌కి జిరాక్స్. గరగర ఉంటుంది, వేయించిన అప్పడం నమిలినట్టు. రెండు పాటలయ్యాక చెవి అలవాటు పడిపోతుంది, ఫ్యాన్ ఆపేసి వింటే బెటర్. మొదటి పాటకి పెదనాన్న అడిగిన ప్రశ్న ‘ఒరే అబ్బాయ్, పెద్ద డ్రమ్ము ఏదిరా?’ అని. భలే పట్టాడు. ఆ రోజుల్లో హారన్ ముందు పెద్ద డ్రమ్ము గట్టిగా కొడితే సూది ఎగిరిపోయేది, అందుకని దాన్ని వెనక్కి నెట్టేవాళ్ళు. రోడ్డు మీద ఈ బ్యాండు విన్నవాడికి పొట్టలో దడదడలాడిన ఆ చప్పుడు మనకి ఏ సీడీలోనూ దొరకదు.

రోడ్డు అంటే మామూలు రోడ్డు కాదు. 1916లో జిమ్ న్యూయార్క్ నల్లజాతి రెజిమెంటులో చేరాడు (అట్ట మీదున్న 369వ పదాతిదళం తర్వాత ఇదే అయింది), దాని పెద్ద కర్నల్ హేవార్డ్ పట్టుబట్టి బ్యాండు పెట్టమన్నాడు, మంచి క్లారినెట్ వాళ్ళు కావాలని జిమ్ ఏకంగా ప్యూర్టోరికో దీవికి వెళ్ళి మనుషుల్ని వెతికి తెచ్చాడు, అలా వచ్చినవాళ్ళలో రఫాయెల్ హెర్నాండెజ్ అని తర్వాత ఆ దీవికే పెద్ద కంపోజర్ అయిన కుర్రాడు కూడా ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధానికని 1918 జనవరి 1న ఫ్రాన్స్‌లో బ్రెస్ట్ రేవులో దిగి, దిగీదిగగానే ఫ్రెంచివాళ్ళ జాతీయగీతం వాయించారు, అయితే వీళ్ళ తాళంలో వాయించేసరికి అక్కడున్నవాళ్ళకి కాసేపు అది తమ పాటే అని తెలియలేదట. అమెరికన్ సైన్యం ఈ నల్ల రెజిమెంటుని తన పక్కన పెట్టుకోవడం ఇష్టంలేక ఫ్రెంచి సైన్యానికి ఇచ్చేసింది, వాళ్ళు మాత్రం బాగా చూసుకున్నారు, రెజిమెంటు 191 రోజులు ఫ్రంటులో ఉంది. జిమ్ ఊరికే బ్యాండు మాస్టారు కాదు, మెషీన్‌గన్ దళంలో ఆఫీసరు, ఫ్రెంచి గస్తీతో కలిసి రాత్రిపూట శత్రువు కందకాల వైపు వెళ్ళొచ్చిన మనిషి. 1918 జూన్‌లో గ్యాస్ దాడిలో దెబ్బతిని హాస్పిటల్లో పడుకుని ఆ గస్తీ మీదే పాట కట్టాడు.

ఆ పాట సీడీలో ఉంది, ‘ఆన్ పట్రోల్ ఇన్ నో మ్యాన్స్ ల్యాండ్’ (రెండు సైన్యాల కందకాల మధ్య ఖాళీ నేలలో గస్తీ అని), పాడింది ఆయన ఫ్రెండు నోబుల్ సిస్సిల్. డబ్బులు గిట్టింది ఇక్కడే అనుకోండి. పాట మధ్యలో సిస్సిల్ తల వంచండి, బాంబు వస్తోంది అన్నట్టు చెప్తుంటే వెనక డ్రమ్స్‌వాళ్ళు బాంబులు, మెషీన్‌గన్ చప్పుడు చేస్తుంటారు, పాటేమో హుషారుగా డ్యాన్స్ స్పీడులో పోతుంటుంది. మొదటిసారి విన్నప్పుడు సరదా పాట అనుకున్నా. గ్యాస్ పీల్చి మంచం మీద ఉన్నోడు రాశాడు అని తెలిశాక మళ్ళీ విన్నా, ఈసారి ఆ హుషారు ఇంకోలా అనిపించింది. ‘మెంఫిస్ బ్లూస్’ కూడా వదలొద్దు, బ్యాండు మొత్తం టక్కున ఆగిపోయి ఒక్క క్లారినెట్టో ట్రాంబోనో ఆ ఖాళీలో చిన్న ముక్క వేసి తప్పుకుంటుంది, మళ్ళీ అందరూ. ట్రాంబోన్లు అయితే గేదె అరిచినట్టు జారుతూ జారుతూ వాయిస్తారు, నచ్చేవాళ్ళకి పిచ్చి నచ్చుతుంది. చివర్లో ఉన్న భక్తిగీతాలు మగవాళ్ళ గుంపు పాడినవి, బ్యాండు కోసం కొన్నవాళ్ళకి కొంచెం బోర్ కొట్టొచ్చు, నాకు కొట్టింది.

ఈ జారే శబ్దాల గురించి జిమ్ స్వయంగా చెప్పిన ఒక కథ ఉంది. ఫ్రాన్స్‌లో గార్డ్ రిపబ్లికన్ అని వాళ్ళ దేశంలోనే నంబర్ వన్ మిలిటరీ బ్యాండు, దాని మాస్టారు వచ్చి ఒక పాట స్కోరు (నొటేషన్ కాగితాలు) ఇవ్వమని అడిగి తీసుకెళ్ళాడట, మర్నాడు వచ్చి మావాళ్ళు వాయిస్తే మీలా రావట్లేదు అన్నాడట. అక్కడితో ఆగక వీళ్ళ వాయిద్యాల్లో ఏదో మార్పు చేసుంటారని తీసి తిప్పి తిప్పి చూశారట, ఏమీ లేదు, మామూలువే! పెదనాన్న ఈ కథకి పడీపడీ నవ్వాడు, ఎందుకంటే పక్క ఊరి సెట్టువాళ్ళు కూడా ఆయన డ్రమ్ముకి వేసిన తోలు ఎక్కడిది అని అడిగేవాళ్ళట.

1919 ఫిబ్రవరి 17న రెజిమెంటు న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూ మీద కవాతు చేసింది, వెళ్ళేటప్పుడు వీడ్కోలు పెరేడులో చోటివ్వని ఊరే ఇప్పుడు రోడ్డుకి రెండువైపులా నిలబడింది. నల్లజాతివాళ్ళ పేట హార్లెమ్ చేరేదాకా గంభీరంగా మార్చులే వాయించి, అక్కడికెళ్ళాక మాత్రం జనాన్ని ఊపేశారు. మార్చిలో పాథే స్టూడియో, జాజ్ కింగ్ అని బిరుదు, దేశమంతా టూరు, మళ్ళీ మే 7న ఇంకో రికార్డింగు. మే 9న బోస్టన్‌లో మెకానిక్స్ హాలు. జిమ్‌కి బాగా జలుబు చేసింది, అయినా షో చేస్తున్నాడు. హెర్బర్ట్ రైట్ అని డ్రమ్ము కుర్రాడు, ఇంకో రైట్‌తో కలిపి పెర్కషన్ ట్విన్స్ అనేవాళ్ళు గానీ అన్నదమ్ములేం కాదు, స్టేజీ మీద మిగతావాళ్ళు ప్రోగ్రాం ఇస్తుంటే లేచి వెళ్ళిపోతున్నాడని జిమ్ మందలించాడు. ఇంటర్వెల్లో డ్రెస్సింగ్ రూములో మాటా మాటా పెరిగి, ఆ కుర్రాడు పెన్సిళ్ళు చెక్కుకునే లాంటి చిన్న చాకుతో మెడ మీద పొడిచాడు. చూడ్డానికి చిన్న గాయమే, జిమ్ మిగతావాళ్ళని షో కానివ్వమని చెప్పి హాస్పిటల్‌కి వెళ్ళాడు. రక్తం ఆగలేదు. యుద్ధంలో మెషీన్‌గన్‌కి పోని ప్రాణం అలా పోయింది. న్యూయార్క్‌లో ఒక నల్లజాతి మనిషికి వీధుల్లో జనం మధ్య ఊరేగింపుగా అంత్యక్రియలు జరగడం అదే మొదటిసారి, ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో పూడ్చారు.

సీడీలో ఆ మే 7 పాటలు వచ్చినప్పుడు చెవి దానంతట అదే డ్రమ్స్ వైపు పోతుంది, ఎంత వద్దనుకున్నా. రైట్‌కి జైలు పడింది, 1927లో బయటికొచ్చాడు, బోస్టన్‌లోనే ఉండిపోయి పిల్లలకి డ్రమ్స్ నేర్పేవాడు. అలా ఆయన దగ్గర కొన్నాళ్ళు నేర్చుకున్న వీధి పిల్లాడు ఎవరంటే రాయ్ హేన్స్, ఆధునిక జాజ్‌లో అంత పెద్ద డ్రమ్మర్! ఇది కథల్లో రాస్తే అతి చేశావు అంటారు.

పెదనాన్నకి ఇదంతా చెప్పాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘మాస్టారు మంచోడే, కానీ డ్రమ్ములోణ్ణి షో మధ్యలో అనకూడదురా, ఏదున్నా బండెక్కాక అనాలి’ అన్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసు కదా, నేనేం వాదించలేదు.

పుస్తకం గురించి రెండు ముక్కలు, అక్షరాలు చీమల్లా ఉన్నాయి, కళ్ళద్దాలతో కూడా కష్టమే, కానీ ఏ పాట ఎప్పుడు చేశారో, ఎవరు కట్టారో వరసగా ఇచ్చారు, ఫోటోలు బాగున్నాయి, ఆయన గుండ్రటి కళ్ళజోడు, ఆ మిలిటరీ కోటు, నిటారుగా నిలబడ్డ తీరు. యూట్యూబ్‌లో ఇవే పాటలు చాలావరకు దొరుకుతాయి, కాబట్టి వినడం వరకే అయితే కొనక్కర్లేదు. బ్యాండు వాయించినవాళ్ళు ఇంట్లో ఉంటే కొనండి, చేతిలో పట్టుకుని చూడ్డానికి వాళ్ళకి ఏదో ఒకటి ఉండాలి. నేను 5కి 3.5 ఇస్తా, ఒకటి విక్టర్ పాటలు లేనందుకు కోసా, అర మార్కు ఆ అక్షరాలకి. డీవీడీ ప్లేయర్ మొన్న పక్కింటివాళ్ళు అడిగి తీసుకెళ్ళారు, సీడీ పెదనాన్న దగ్గరే ఉంది, పగిలిన డబ్బాకి ఆయనే ప్లాస్టరు అతికించి టీవీ పక్కన నిలబెట్టుకున్నాడు.